రేటులో కలిసిపోయిన చేతులు: నేపాల్‌లో బాలకార్మికత, బాలల హక్కుల చర్చ

పిల్లల చేత పని చేయించడం తప్పని చెప్పే చట్టాలకు నేపాల్‌లో కొదవ లేదు. ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక వచ్చిన మరుసటి ఏడాదే, 1990లో, ఆ దేశం దానికి ఆమోదం తెలిపింది. కనీస వయసుపై అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన 138వ ఒప్పందాన్ని 1997లో, అత్యంత హీనమైన పనులను నిషేధించే 182వ ఒప్పందాన్ని 2002లో ఒప్పుకుంది. 1992లో బాలల చట్టం వచ్చింది, 2000లో బాలకార్మిక నిషేధ, నియంత్రణ చట్టం, 2018లో మరో బాలల చట్టం. 2015 రాజ్యాంగంలోని 39వ అధికరణం మొత్తం బాలల హక్కులదే. 2018లో మొదలైన పదేళ్ల జాతీయ ప్రణాళిక ఇంకో అడుగు ముందుకేసి, హీనమైన రూపాలన్నీ 2022కల్లా, మిగతావన్నీ 2025కల్లా అంతం కావాలని గడువు పెట్టింది. గడువులు రెండూ దాటిపోయాయి. పిల్లలు పనిలోనే ఉన్నారు.

అలాగని ఏమీ మారలేదనడం అన్యాయం. 2017–18 శ్రామిక సర్వే ఆధారంగా 2021లో వెలువడిన నివేదిక ప్రకారం 5–17 ఏళ్ల బాలకార్మికులు సుమారు 11 లక్షలు. ఆ వయసు పిల్లల్లో ఇది 15 శాతం. 2008లో వీళ్లు 16 లక్షలు. ప్రమాదకరమైన పనుల్లో ఉన్నవాళ్లు 6 లక్షలపై నుంచి 2 లక్షల దాకా దిగారు. పదేళ్ల అంతర్యుద్ధం, 2015 భూకంపం చూసిన పేద దేశానికి ఈ తగ్గుదల చిన్నది కాదు.

చర్చ చిక్కుపడింది ఇక్కడే. తగ్గినవాళ్లు ఎందువల్ల తగ్గారు, మిగిలినవాళ్లు ఎందుకు మిగిలారు అన్న రెండు ప్రశ్నలకు నాలుగు రకాల జవాబులున్నాయి. ఎవరి దగ్గరా సాక్ష్యానికి లోటు లేదు. అయితే ముప్పై ఏళ్ల అనుభవాన్ని ఒకచోట పెట్టి చూస్తే ఒక విషయం మళ్లీ మళ్లీ బయటపడుతుంది. నేపాల్‌లో పనిచేసే పిల్లల్లో ఎక్కువమందిని ఎవరూ పనిలో పెట్టుకోలేదు. వాళ్ల పని తల్లిదండ్రులు చేసుకున్న బేరంలో కలిసిపోయి ఉంటుంది: కౌలులో, అప్పులో, వెయ్యికింత అన్న కూలి రేటులో. యజమానిని వెతుక్కుంటూ వెళ్లే చట్టానికి అక్కడ బిడ్డ పేరు కనిపించదు.

మాఘీ పండుగనాటి బేరం

పశ్చిమ తరాయిలో దాంగ్, బాంకే, బర్దియా, కైలాలీ, కంచన్‌పుర్ జిల్లాలు థారూ జనం సొంత నేల. 1950ల తర్వాత మలేరియా అదుపులోకి రావడంతో కొండప్రాంతాల వాళ్లు అక్కడికి దిగి స్థిరపడ్డారు. భూమికి పట్టా ఉండాలన్న సంగతే తెలియని థారూలు తమ పొలాల్లోనే పాలేర్లయ్యారు. ఆ పాలేరుతనమే కమైయా. యజమాని దగ్గర తీసుకున్న అప్పును సౌకీ అంటారు. అది తీరేదాకా కుటుంబం కదలడానికి వీలుండేది కాదు. తండ్రి పోతే కొడుకు నెత్తిన పడేది.

ఏటా జనవరి మధ్యలో మాఘీ వస్తుంది. అది థారూలకు కొత్త సంవత్సరం, ఆ ఏటి బేరాలు కుదిరే రోజు కూడా. ఎవరు ఎవరి పొలం చేయాలో, ఎంత ధాన్యమో ఆ రోజే మాట్లాడుకునేవారు. కూతుళ్ల సంగతీ ఆ మాటల్లోనే తేలేది. కౌలుకు పొలం కావాలంటే ఇంటిపనికి పిల్లను పంపాలని భూస్వామి అడిగేవాడు. ఆరేడేళ్ల పిల్లలు కూడా అలా వెళ్లారు. కొందరు అదే ఊళ్లో దొరవారింటికి, కొందరు కాఠ్‌మాండూలో ఉద్యోగుల, ఉపాధ్యాయుల, వ్యాపారుల ఇళ్లకు. వాళ్లే కమలరీలు. ఏడాదికి తండ్రి చేతికి వచ్చేది కొన్ని వేల నేపాలీ రూపాయలు. కొన్నిచోట్ల అదీ లేదు, కౌలు నిలిస్తే చాలు.

2000లో వ్యవసాయ కూలీలకు కనీస వేతనం ప్రకటించాక, కైలాలీ జిల్లాలో ఒక మాజీ మంత్రి పొలంలో పనిచేసే కమైయాలు మే 1న దాన్ని అడిగారు. అక్కడ రాజుకున్న ఉద్యమం రెండున్నర నెలల్లో రాజధానికి పాకింది. జులై 17న ప్రభుత్వం కమైయా వ్యవస్థను రద్దు చేసి, సౌకీలన్నీ మాఫీ చేసింది. చట్టం 2002లో వచ్చింది. ప్రకటన వెలువడగానే యజమానులు కుటుంబాలను ఇళ్లలోంచి వెళ్లగొట్టారు. వానాకాలం. ప్లాస్టిక్ పట్టాల కింద నెలల తరబడి, కొందరు ఏళ్ల తరబడి ఉన్నారు. పునరావాసానికి గుర్తించిన 27 వేలకు పైగా కుటుంబాలకు ఇస్తామన్న భూమి గరిష్ఠంగా 5 కట్టాలు, అంటే అరెకరం కూడా లేదు. అందులోనూ చాలామందికి దక్కింది వరదకు కొట్టుకుపోయే ఏటి ఒడ్డు.

తండ్రికి విముక్తి దొరికింది, తిండికి దారి దొరకలేదు. అందుకని కూతుళ్లు వెళ్తూనే ఉన్నారు. సుప్రీంకోర్టు 2006లో ఆదేశించినా ఆగలేదు. 2013లో లలిత్‌పుర్‌లో ఒక కమలరీ బాలిక చనిపోయాక వీధుల్లోకి వచ్చినవాళ్లు ఒకప్పటి కమలరీలే. ఆ ఏడాది జూన్‌లో వ్యవస్థ రద్దయినట్టు ప్రభుత్వం ప్రకటించింది. తండ్రుల విముక్తికీ కూతుళ్ల విముక్తికీ మధ్య పదమూడేళ్లు గడిచాయి.

ఆ పదమూడేళ్లలో నిజంగా పనిచేసిన ఒక ప్రయోగాన్ని చెప్పుకోవాలి. నేపాల్ యూత్ ఫౌండేషన్ 2000లో దాంగ్‌లో మొదలుపెట్టిన పథకం చాలా సాదాగా ఉండేది. కూతురిని పంపకుండా బడిలో వేస్తే ఆ ఇంటికి ఒక పందిపిల్లనో మేకనో ఇచ్చేవారు. పిల్ల చదువు ఖర్చు సంస్థది. దీపానికి కిరోసిన్ కూడా. పందిని ఏడాది మేపి అమ్మితే కూతురి ఏడాది కష్టానికి వచ్చే డబ్బుకు దగ్గరగా వచ్చేది. ఒక ఆడపిల్ల పన్నెండు నెలల చాకిరీ ఖరీదు ఒక పంది ఖరీదని తెలిసినప్పుడు మనసు కలుక్కుమంటుంది. బేరం ఎంత చౌకో అర్థమయ్యాక, దాన్ని తిప్పికొట్టడం కూడా ఒక పేద దేశపు శక్తికి మించిన పని కాదని తోస్తుంది. ఇలా బయటపడ్డ ఆడపిల్లలు వేలల్లో ఉన్నారు. ఎనిమిదేళ్లకే కమలరీగా వెళ్లిన శాంతా చౌధరీ 2008లో రాజ్యాంగ సభ సభ్యురాలయ్యారు.

మగ్గం మీద పడ్డ ప్రపంచం చూపు

థారూ ఇళ్ల సంగతి దేశం దాటి పెద్దగా వెళ్లలేదు. తివాచీ వెళ్లింది. 1959 తర్వాత వచ్చిన టిబెట్ శరణార్థులు స్విట్జర్లాండ్ సాయంతో లలిత్‌పుర్‌లోని జావలాఖేల్‌లో మొదలుపెట్టిన నేత, 1990ల ఆరంభానికి నేపాల్ ఎగుమతుల్లో అగ్రస్థానానికి చేరింది. ముఖ్యమైన కొనుగోలుదారు జర్మనీ. ఆ మగ్గాల ముందు పిల్లలు కూర్చున్నారని 1987లో పుట్టిన సివిన్ అనే బాలల హక్కుల సంస్థ 1993లో అధ్యయనం చేసి చెప్పింది. మరుసటి ఏడాది జర్మన్ టీవీలో కార్యక్రమం వచ్చింది. ఆర్డర్లు పడిపోయాయి.

అప్పటికే అమెరికాలో సెనేటర్ టామ్ హార్కిన్ 1992లో పెట్టిన బిల్లు బంగ్లాదేశ్‌ను కుదిపేసింది. పిల్లలు కుట్టిన బట్టల దిగుమతిని ఆపాలన్న ఆ బిల్లు చట్టం కాకముందే, ఢాకా బట్టల మిల్లులు వేలమంది పిల్లలను గేటు బయటికి పంపాయి. వాళ్లలో చాలామంది బడికి వెళ్లలేదు. రాళ్లు కొట్టడం లాంటి ఇంకా ప్రమాదకరమైన పనుల్లోకి వెళ్లారని యూనిసెఫ్ తర్వాత రాసింది. తొలగించే ముందు బడి చూపించాలని 1995 జులైలో మిల్లు యజమానుల సంఘం, యూనిసెఫ్, అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒప్పందం చేసుకున్నాయి. నేపాల్ ఆ పాఠం చూస్తూనే తన దారి వెతుక్కుంది. బహిష్కరణ బదులు, పిల్లల చేత నేయించలేదని చెప్పే ముద్ర. రగ్‌మార్క్ 1995 చివర్లో అక్కడ మొదలైంది. ఇప్పుడది గుడ్‌వీవ్. లైసెన్సు తీసుకున్న ఎగుమతిదారు మగ్గాలను చెప్పాపెట్టకుండా తనిఖీ చేస్తారు. పిల్ల కనిపిస్తే బడికో, పునరావాస కేంద్రానికో పంపుతారు.

తివాచీ కర్మాగారాల్లో పిల్లలు బాగా తగ్గారు. దాన్ని కాదనలేం. అయితే ఆ పరిశ్రమే తర్వాత కుంచించుకుపోయింది కాబట్టి, తగ్గుదలలో ముద్ర వాటా ఎంతో విడదీసి చెప్పడం కష్టం. కొంత నేత తనిఖీ లేని ఇళ్లలోకి జరిగింది. నేతకు కూలి అల్లిన కొలతను బట్టి, అదీ ఠేకేదారు, అంటే కాంట్రాక్టరు, చేతుల మీదుగా. చిన్న వేళ్లయితేనే ముడి సన్నగా పడుతుందన్న వాదన మాత్రం పరీక్షకు నిలవలేదు. భారత తివాచీ పరిశ్రమపై 1990లలో అంతర్జాతీయ కార్మిక సంస్థ తరఫున జరిగిన పరిశోధన, మేలైన తివాచీలకు పిల్లల వేళ్లే కావాలన్నది అపోహేనని తేల్చింది.

నాలుగు వాదాలు

మొదటిది బడి వాదం. పిల్లలు పనిలో ఉండటానికి పేదరికం కంటే రాజ్యం ఉదాసీనతే పెద్ద కారణమని మైరన్ వీనర్ భారతదేశంపై 1991లో వచ్చిన పుస్తకంలో వాదించారు. పేదగా ఉన్నప్పుడే బడిని తప్పనిసరి చేసిన దేశాలున్నాయన్నది ఆయన సాక్ష్యం. ఈ ఆలోచనను ఊళ్లో చేసి చూపించింది మన రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్. బడి బయట ఉన్న ప్రతి పిల్లా, పిల్లవాడూ బాలకార్మికులే అన్నది శాంతా సిన్హా నాయకత్వంలో ఎదిగిన ఆ సంస్థ నిర్వచనం. పశువులు కాయడం, చెల్లెలిని ఎత్తుకోవడం కూడా అందులోకే వస్తాయి. పగటి బడి ఒక్కటే బడి, పని చేసుకుంటూ చదివే రాత్రిబడులు ఒప్పుకోరు. పెద్దపిల్లలకు ముందు బడికి సిద్ధం చేసే బ్రిడ్జి క్యాంపు, తర్వాత వయసుకు తగ్గ తరగతి. పేద తల్లిదండ్రులకు చదువు మీద ఆశ లేదన్న మాటను ఈ అనుభవం గట్టిగా కొట్టిపారేసింది.

రెండోది ఆదాయ వాదం. తల్లిదండ్రుల సంపాదన ఒక మట్టం దాటితే పిల్లలను పనికి పంపరని, పిల్లలు పనిలో ఉండటం వల్లే పెద్దల కూలి కిందికి దిగుతుందని ఆర్థికవేత్తలు కౌశిక్ బసు, ఫామ్ హోంగ్ వాన్ 1998లో సిద్ధాంతీకరించారు. కొన్ని పరిస్థితుల్లో పిల్లలందరినీ ఒక్కసారి తీసేస్తే పెద్దల కూలి పెరిగి, మళ్లీ పంపాల్సిన అవసరమే రాదని అందులోని మెలిక. నేపాల్‌లో దీనికి దగ్గరి పరీక్ష కాఠ్‌మాండూ తివాచీ కర్మాగారాల పిల్లలపై జరిగింది. బడికి హాజరైతే డబ్బు ఇచ్చినంత కాలం హాజరు పెరిగింది, నేత తగ్గింది. డబ్బు ఆగగానే రెండూ మొదటికొచ్చాయి. ఎరిక్ ఎడ్మండ్స్, మహేశ్వర్ శ్రేష్ఠ 2014లో ప్రచురించిన ఆ ఫలితాన్ని నగదు పథకాల సమర్థకులూ విమర్శకులూ ఇద్దరూ తమకే అనుకూలంగా చెప్పుకుంటారు. నా దృష్టిలో అది చెప్పేది ఒకటే. ఆ ఇంటి బేరం మారనంతవరకు సాయం ఆగకూడదు.

మూడోది మార్కెట్ వాదం, తివాచీ దగ్గర చూసిందే. ఎగుమతి అయ్యే సరుకుకే దాని చెయ్యి అందుతుంది. నేపాల్ బాలకార్మికుల్లో 87 శాతం వ్యవసాయంలో ఉన్నారు. ఇంట్లో తినే మొక్కజొన్నకు ముద్ర వేయమని అడిగే కొనుగోలుదారు ఎవరూ లేరు.

నాలుగోది పిల్లల మాట వాదం. 1996లో కర్ణాటకలోని కుందాపురలో మూడు ఖండాల పనిచేసే పిల్లలు సమావేశమయ్యారు. తమ సరుకులను బహిష్కరించొద్దని, గౌరవమైన పని, చదువుకు వీలైన గంటలు కావాలని, తమ గురించి తీసుకునే నిర్ణయాల్లో తామూ ఉండాలని అడిగారు. ఈ ఆలోచనను అంతదూరం చట్టంలోకి తీసుకెళ్లిన దేశం బొలీవియా. 2014లో అక్కడ కొన్ని షరతులతో పదేళ్ల పిల్లలకు కూడా సొంతపనికి అనుమతి ఇచ్చారు. రాజ్యాంగ న్యాయస్థానం 2017లో దాన్ని కొట్టేసింది, 2018 చివర కనీస వయసు మళ్లీ 14 అయింది. నేపాల్ అటు వెళ్లలేదు. బాలల క్లబ్బుల రూపంలో పిల్లల మాటకు చోటిచ్చింది. ఇటీవల క్లారిసా అనే పరిశోధన కార్యక్రమంలో కాఠ్‌మాండూ డాన్సుబార్లలో, రాత్రి హోటళ్లలో పనిచేసే పిల్లలే తమ పని ఎలా నడుస్తుందో సమాచారం సేకరించి విశ్లేషించారు. పెద్దల సర్వేలకు అందని సంగతులు అలా బయటికొచ్చాయి.

పక్కపక్కన పెడితే ఒకదాని బలం ఇంకొకదాని లోటు దగ్గర కనిపిస్తుంది. బడి వాదానికి హక్కుపై స్పష్టత ఉంది, ఇల్లు గడిచే లెక్కపై మాట తక్కువ. ఆదాయ వాదానికి ఇంటి లెక్క తెలుసు, డబ్బు ఆగాక ఏమిటన్న దానికి జవాబు లేదు. మార్కెట్ వాదం త్వరగా పనిచేస్తుంది, చాలా కొద్దిచోట్ల. పిల్లల మాట వాదం నిజాయితీగా వింటుంది గానీ, ఎనిమిదేళ్ల కమలరీ ఎవరితో మాట్లాడాలి? నాలుగింటిలో ఒక్కటే ఎంచుకోమంటే బడి వాదం వైపే మొగ్గాలి, ఎందుకంటే బిడ్డకు బాల్యం ఒక్కసారే వస్తుంది, కూలి రేటు పెరిగేదాకా అది ఆగదు. కానీ దానికి రేటు సంగతి జత చేయకపోతే ఇటుక బట్టీ దగ్గర అది ఆగిపోతుంది.

బట్టీ దగ్గర పరీక్ష

దసరాల ముందు నాయకే, అంటే మనం మేస్త్రీ అనే మనిషి, రోల్పా, దాంగ్, సర్లాహీ ఊళ్లకు వెళ్లి అడ్వాన్సు ఇచ్చి వస్తాడు. మార్గశిరంలో కుటుంబాలు మూటాముల్లెతో భక్తపుర్, లలిత్‌పుర్ బట్టీలకు చేరతాయి, వానల ముందు తిరిగి వెళ్తాయి. తెల్లవారకముందే మట్టి తొక్కి, అచ్చులో ఇసుక చల్లి, ఇటుక కోసి వరుసలుగా పరుస్తారు. కాస్త ఆరాక ప్రతి పచ్చి ఇటుకనూ పక్కకు తిప్పాలి, అంచులు గీకాలి, మళ్లీ పేర్చాలి. ఆ తిప్పడం, పేర్చడం పిల్లల పని. కూలి వెయ్యి ఇటుకలకు ఇంత. సీజన్ చివర అడ్వాన్సు కోసుకుని లెక్క తేలుస్తారు. పుస్తకంలో ఉండేది ఒక్క తండ్రి పేరే.

నేపాల్ గణాంక శాఖ, అంతర్జాతీయ కార్మిక సంస్థ, యూనిసెఫ్ కలిసి 2020లో ఇచ్చిన నివేదిక బట్టీల్లో పనిచేసే పిల్లలను 17 వేలకు పైగా లెక్కించింది. దాదాపు అందరూ ప్రమాదకరమైన పరిస్థితుల్లో ఉన్నవాళ్లే. నేపాల్‌లో బడి ఏడాది వైశాఖంలో మొదలై చైత్రంలో పరీక్షలతో ముగుస్తుంది. బట్టీ సీజన్ ఒక ఏడాది పరీక్షలనూ మరో ఏడాది చేరికలనూ రెండింటినీ మింగేస్తుంది. ఒడిశా నుంచి మన హైదరాబాద్ శివారు బట్టీలకు వచ్చే కుటుంబాల కథ కూడా ఇదే.

ఇక్కడ బసు–వాన్ ఆశ తేలిగ్గా నిజం కాదు. పిల్లలు తప్పుకుంటే కుటుంబం కోసే ఇటుకలు తగ్గుతాయి, వెయ్యికి రేటు మాత్రం అక్కడే ఉంటుంది, అడ్వాన్సు మిగిలిపోతుంది. ఆ మిగిలింది మరుసటి ఏటికి పాత సౌకీ లాంటిదే అవుతుంది.

లెక్కల్లో తేడా

ఎవరిని బాలకార్మికులనాలన్నదే తేలలేదు. అంతర్జాతీయ గణనల్లో 5–11 ఏళ్ల పిల్లలు వారానికి ఒక్క గంట ఆర్థిక పని చేసినా లెక్కలోకి వస్తారు. 12–14 ఏళ్లకు హద్దు 14 గంటలు, 15–17కు 43 గంటలు. ఇంటిచాకిరీ గంటలు కలిపే సర్వేలో సంఖ్య పెరుగుతుంది, కలపని సర్వేలో నీళ్లు, కట్టెలు, తమ్ముళ్ల ఆలనాపాలనా చూసే ఆడపిల్ల మాయమవుతుంది. 2021 నాటి నేపాల్ నివేదికలో బాలుర కంటే బాలికల్లోనే బాలకార్మికత ఎక్కువ. రాష్ట్రాల్లో కర్ణాలీ అన్నిటికంటే వెనుక, దాదాపు నాలుగో వంతు పిల్లలు పనిలో. కులాల్లో దళితులు. పనిచేసే పిల్లల్లో ఎక్కువమందికి బడి రిజిస్టరులో పేరుంది కూడా. బడిలో చేరితే పని పోతుందన్న సూత్రం కొండప్రాంతంలో అంత సూటిగా సాగదు. ఉదయం పొలం, మధ్యాహ్నం తరగతి, సాయంత్రం మేక.

ఇంకా తేలనివి

ఒకటి 14 నుంచి 17 ఏళ్ల మధ్య వయసు. చట్టంలో 18 నిండనివాళ్లంతా బాలలే. తప్పనిసరి విద్య ఎనిమిదో తరగతితో ఆగుతుంది, పనికి కనీస వయసు 14. ఆ తర్వాతి నాలుగేళ్లు పిల్లలు ఎక్కడ ఉండాలో ఏ చట్టమూ గట్టిగా చెప్పదు. గల్ఫ్‌కు వెళ్లే వయసు వచ్చేదాకా కొందరు హోటళ్లలో, బస్సుల్లో, బట్టీల్లో గడిపేస్తున్నారు.

రెండోది బాధ్యత ఎవరిదన్నది. సమాఖ్య వ్యవస్థలో విద్య, బాలల రక్షణ చాలావరకు 753 స్థానిక సంస్థల చేతికి వచ్చాయి. తమ ప్రాంతం బాలకార్మిక రహితమని ప్రకటించుకునే విధానం కూడా ఉంది. రోల్పా పిల్ల భక్తపుర్ బట్టీలో ఆరు నెలలుంటే రెండు చోట్లా జాబితాలో కనిపించకపోవచ్చు. అయినా రెండు స్థానిక సంస్థలూ తమది బాలకార్మిక రహితమని ప్రకటించుకోవచ్చు.

మూడోది రేటు. నేపాల్ ప్రభుత్వం రోజుకూలికి కనీస వేతనం నిర్ణయిస్తుంది. బట్టీలో లెక్క మాత్రం రోజులతో కాదు, వేలతో. ఇద్దరు పెద్దవాళ్లు ఎనిమిది గంటల్లో ఎన్ని ఇటుకలు కోయగలరో కొలిచి, అంతకు ఇద్దరి కనీస వేతనం వచ్చేలా వెయ్యికి రేటు కట్టాలి. కార్మిక సంఘాలు, బట్టీ యజమానులు, కార్మిక శాఖ ఒక సీజన్‌కు ముందు కూర్చుంటే అయ్యే పని ఇది. అడ్వాన్సు నాయకే నోటిమాటగా కాకుండా రాతలో ఉండాలి, కూలిలోంచి దాన్ని కోసుకోవడానికి హద్దు ఉండాలి. అలా రేటు కడితే ఇటుక ఖరీదు కొంత పెరుగుతుంది. భూకంపం తర్వాత ఇళ్లు, బడులు తిరిగి కట్టడంలో ప్రభుత్వమూ విదేశీ దాతలూ పెట్టిన డబ్బులో కొంత ఆ ఇటుకలకే వెళ్లింది. పెరిగిన ఆ కొంతను టెండరులో ముందు రాసి తాము చెల్లిస్తారా అన్నది వాళ్లను అడగాల్సిన ప్రశ్న.